దెబ్బకొట్టే హక్కు ఎవరిది? తొలి టాకీల స్లాప్‌స్టిక్ కామెడీలో జాతి, యాస, ఆడవాళ్లు

1930లో అమెరికాలో ఆర్‌కేవో సంస్థ ‘చెక్ అండ్ డబుల్ చెక్’ అనే కామెడీ సినిమా విడుదల చేసింది. అప్పటికి రెండేళ్లుగా రేడియోలో దేశాన్ని ఊపేస్తున్న ‘ఏమస్ అండ్ ఆండీ’ కార్యక్రమానికి అది వెండితెర రూపం. ఆ రెండు నల్లజాతి పాత్రలకూ రేడియోలో గొంతులిచ్చింది ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కారెల్ అనే ఇద్దరు తెల్లవాళ్లు. సినిమాలోనూ వాళ్లే ముఖాలకు నల్లరంగు పూసుకుని నటించారు. అదే సినిమాలో డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు కూడా కనిపిస్తుంది. ఆ బ్యాండులో హువాన్ టిజోల్ ప్యూర్టోరికో నుంచి వచ్చినవాడు, బార్నీ బిగార్డ్ న్యూ ఓర్లీన్స్ క్రియోల్, అంటే మిశ్రమ సంతతివాడు. ఇద్దరిదీ కాస్త తెల్లటి ఛాయ. వాళ్లను తెరమీద చూసి, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బ్యాండులో కలిసి వాయిస్తున్నారని జనం అనుకుంటారేమోనన్న భయంతో ఇద్దరికీ ముదురు రంగు మేకప్ వేయించారు. తెల్లవాళ్లు నల్లవాళ్లలా కనపడటానికి రంగు పూసుకున్న సినిమాలోనే, నల్లవాళ్ల బ్యాండు ‘సరిపడా నల్లగా’ కనపడటానికి కూడా రంగు పూసుకోవాల్సి వచ్చింది.

తొలి టాకీల కామెడీలో రకరకాల మనుషులు కనపడరని ఎవరైనా అంటే అది నిజం కాదు. నల్లవాళ్లు, యూదులు, ఇటాలియన్లు, మెక్సికన్లు, చైనావాళ్లు, లావుపాటివాళ్లు, మెల్లకన్నువాళ్లు, ముసలివాళ్లు అందరూ ఉన్నారు. ఆ కాలపు ప్రేమకథల్లో, గంభీరమైన డ్రామాల్లో కంటే రెండు రీళ్ల కామెడీల్లోనే ఎక్కువ రకాల ముఖాలు కనిపిస్తాయి. అందుకే కేవలం ఎవరున్నారని లెక్కపెడితే అసలు సంగతి దొరకదు. స్లాప్‌స్టిక్ అంటేనే పడటం, తన్నుకోవడం, సామాన్లు విరగ్గొట్టడం. కాబట్టి గొడవ మొదలుపెట్టేది ఎవరు, దెబ్బ తిన్నవాడికి తిరిగి కొట్టే వీలుందా, ఎవరి పరువు పోతే నవ్వు పుడుతోంది, ఎవరు భయపడితే నవ్వు పుడుతోంది అన్నవి చూడాలి. ఎవరికి ఎంత స్థానం ఇచ్చారో అక్కడ తేలిపోతుంది.

మాట రావడంతో ఈ లెక్క మరింత బిగిసింది. మూకీల్లో మనిషి ఎవరన్నది ఒళ్లు చెప్పేది. యాస లేదని కాదు, టైటిల్ కార్డుల మీద నల్లవాళ్ల మాటల్ని వంకర స్పెల్లింగులతో రాసేవాళ్లు. కానీ కార్డు పోగానే ఆ యాసా పోయేది. టాకీలో గొంతు మనిషికి అతుక్కుపోయింది, ప్రతి మాటా అతని జాతినీ ఊరినీ గుర్తుచేస్తూనే ఉండేది. పైగా టాకీల ప్రభంజనానికి తెర తీసిన 1927 నాటి ‘ది జాజ్ సింగర్’లోనే హీరో ఆల్ జోల్సన్ నల్లరంగు పూసుకుని పాడాడు. తెల్లవాళ్లు నల్లరంగు పూసుకుని నల్లవాళ్లను ఎగతాళి చేస్తూ పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఆడుతున్న మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల అలవాటు, పాటలూ డ్యాన్సులూ హాస్యమూ కలగలిపిన వాడెవిల్ నాటకశాలల మీదుగా నేరుగా మైక్రోఫోన్ దగ్గరికి వచ్చేసింది. మాటలు చెప్పగల నటులు కావాలి కాబట్టి స్టూడియోలు వాడెవిల్ వాళ్లనే పిలిపించుకున్నాయి, వాళ్లు తమ పాత వేషాలతో సహా వచ్చారు.

వాడెవిల్‌లో యాస ఒక తొడుగు. దాన్ని ఎవరైనా తొడుక్కోవచ్చు. న్యూయార్క్ యూదు కుటుంబంలో పుట్టిన చికో మార్క్స్, హార్పో తదితర అన్నదమ్ములతో కలిసి ‘మార్క్స్ సోదరులు’ అనే కామెడీ బృందంలో నటించినవాడు, తెర మీద ఎప్పుడూ ఇటాలియన్‌గానే మాట్లాడాడు. 1930లో వచ్చిన ‘యానిమల్ క్రాకర్స్’లో దీని గురించి ఒక గొప్ప సన్నివేశం ఉంది. గొప్పింటి కళాపోషకుడిగా చలామణీ అవుతున్న చాండ్లర్ అసలు ఒకప్పుడు చేపలమ్మిన ఏబీ అని చికో, హార్పో కలిసి పట్టేస్తారు. దొరికిపోయిన చాండ్లర్ ఎదురు తిరిగి, మరి నువ్వు ఇటాలియన్‌వి ఎలా అయ్యావని చికోను నిలదీస్తాడు. చికో ఆ ప్రశ్నను పక్కకు తోసేసి, ఇక్కడ నిజం ఒప్పుకోవాల్సింది ఎవరని తిప్పికొడతాడు. యూరప్ నుంచి వలసొచ్చిన కుటుంబాల పిల్లలు అమెరికాలో పేరు మార్చుకోవడం, తొడుగు మార్చుకోవడం మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. త్రీ స్టూజెస్ అనే కామెడీ బృందం కథా అంతే. యూదులైన హార్విట్జ్ అన్నదమ్ములు మో, షెంప్, కర్లీ ‘హోవర్డ్’లయ్యారు, ఫైన్‌బర్గ్ లారీ ‘ఫైన్’ అయ్యాడు. మో మాత్రం 1940 జనవరిలోనే ‘యూ నాజ్టీ స్పై’లో హిట్లర్‌ను ఎగతాళి చేశాడు. చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’ వచ్చింది అదే ఏడాది అక్టోబరులో.

యాస ఎప్పుడు సరదా అవుతుంది, ఎప్పుడు ముద్ర అవుతుంది అన్నదానికి లారెల్, హార్డీ అనే హాస్యజంట మంచి ఉదాహరణ. డబ్బింగ్ ఇంకా కుదురుకోని ఆ మొదటి రెండు మూడేళ్లలో హాల్ రోచ్ స్టూడియో వాళ్లిద్దరితో ఒకే కథను స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ వంటి భాషల్లో మళ్లీ మళ్లీ తీసింది. కెమెరా పక్కన బోర్డు మీద ఉచ్చారణ రాసి పెడితే, అర్థం తెలియకపోయినా చూసి చదివేవాళ్లు. స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ జనం వాళ్ల విరిగిపోయిన స్పానిష్‌కే ప్రత్యేకంగా నవ్వుకున్నారు. ఇటలీలో తర్వాత డబ్బింగ్ వచ్చాక కూడా ఆ ఇంగ్లీషు యాసనే అలాగే ఉంచారు. హార్డీకి గొంతిచ్చిన ఆల్బెర్టో సోర్డీ ఆ తర్వాత పెద్ద నటుడయ్యాడు. అంటే హాలీవుడ్ స్టార్లే మరో దేశంలో వింత యాసవాళ్లుగా నిలబడ్డారు. కానీ దానివల్ల వాళ్లకు పోయిందేమీ లేదు. అక్కడా టైటిల్ వాళ్లదే, కథ వాళ్లదే. అదే లారెల్, హార్డీ తమ మొదటి పూర్తి నిడివి సినిమా ‘పార్డన్ అజ్’ (1931)లో జైలు నుంచి పారిపోయి, ముఖాలకు నలుపు పూసుకుని పత్తి చేలో నల్లకూలీల మధ్య దాక్కుంటారు. వాళ్లకది కడిగేసుకునే రంగు. చుట్టూ ఉన్న కూలీలకు కాదు. ఆ కూలీల్లో ఒక్కరికీ సొంత గ్యాగ్, అంటే నవ్వించే చిన్న తంతు, లేదు. మన తెలుగు సినిమాల్లోనూ హీరో ఒక ప్రాంతపు తెలుగు మాట్లాడుతుంటే తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస చాలా ఏళ్లు పనివాళ్లకూ కమెడియన్లకూ విలన్లకూ మిగిలాయి కాబట్టి, ఈ తేడా తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. 1940లో డెల్ లార్డ్ దర్శకత్వంలో వచ్చిన స్టూజెస్ లఘుచిత్రం ‘ఎ ప్లంబింగ్ వి విల్ గో’. ముగ్గురూ ప్లంబర్లమని చెప్పి ఒక బంగళాలో దూరతారు. నీళ్ల పైపుల్నీ కరెంటు తీగల గొట్టాల్నీ కలిపేస్తారు. కర్లీ బాత్రూంలో పైపు మీద పైపు బిగిస్తూ తన చుట్టూ తానే పంజరం కట్టుకుంటాడు. ముందు గదిలో ఇంటావిడ అతిథులకు కొత్త టీవీ చూపిస్తుంటే అందులో నయాగరా జలపాతం కనపడుతుంది, మరుక్షణం నీళ్లు నిజంగానే బయటికి దూకుతాయి. వంటగదిలో డడ్లీ డికర్సన్ అనే నల్లజాతి నటుడు వంటవాడి వేషంలో ఉన్నాడు. అతని పొయ్యిలోంచి నీళ్లు చిమ్ముతాయి, బల్బులో నీళ్లు నిండుతాయి. ఈ ఇంటికి పిచ్చెక్కిందని అరుస్తాడు. ఆ సినిమా చూసినవాళ్లందరికీ గుర్తుండే మాట అది.

డికర్సన్‌ను ఒక్కసారి నెమ్మదిగా చూడాలి. భారీ మనిషి, కానీ పాదాలు నేల మీద తేలికగా జారతాయి. బల్బు వైపు చూసి ముందు నమ్మడు. మళ్లీ చూస్తాడు. ఆ రెండు చూపుల మధ్య వదిలిన అర సెకను ఖాళీ ఉంది చూశారూ, అది నేర్పితే వచ్చేది కాదు. సినిమా మొత్తంలో బుర్ర సరిగ్గా పనిచేస్తున్న ఒకే ఒక్క మనిషి కూడా అతనే. తన పని తాను చేసుకుంటున్నాడు, తప్పేమీ చేయలేదు, ఇంట్లో ఏదో తేడా జరుగుతోందని సరిగ్గా గుర్తుపట్టాడు. అయినా స్క్రిప్టు అతన్ని అడిగింది కళ్లు పెద్దవి చేసి బెదిరిపోవడమే. ముందు గదిలో తడిసిన ధనవంతుల విషయంలో నవ్వు పుట్టేది పరువు పోవడం వల్ల. పట్టుబట్టలూ మర్యాదలూ నీళ్లపాలవుతుంటే సామాన్య ప్రేక్షకుడు సంతోషిస్తాడు. వంటవాడి దగ్గర పోవడానికి పరువనేదాన్నే కథ ఉంచలేదు, అందుకని భయాన్ని వాడుకుంది. ముగ్గురు స్టూజెస్ కూడా పేదవాళ్లే, మొద్దులే. కానీ వాళ్లకు ఒకర్నొకరు కొట్టుకునే హక్కు, ఇంటిని ముంచే హక్కు, చివర్లో పారిపోయే హక్కు ఉన్నాయి. డికర్సన్‌కు పైపు రెంచి అందదు.

నల్లజాతి నటులకు ఈ భయం పాత్రే దాదాపు ఒక ఉద్యోగమైపోయింది. విలీ బెస్ట్‌ను తొలి సినిమాల్లో ‘స్లీప్ అండ్ ఈట్’ అనే పేరుతో టైటిల్స్‌లో వేశారు, అంటే నిద్రపో, తిను అని. మనిషి పేరు బదులు ఆ ముద్రే తెర మీద పడింది. 1940 నాటి ‘ది ఘోస్ట్ బ్రేకర్స్’లో బాబ్ హోప్ పక్కన అతను దెయ్యాల కోటలో వణుకుతాడు. మాంటన్ మోర్‌ల్యాండ్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. మోనోగ్రామ్ అనే చిన్న స్టూడియో 1941లో తీసిన ‘కింగ్ ఆఫ్ ది జాంబీస్’లో నవ్వు భారమంతా అతనొక్కడే మోశాడు. ఇంట్లో శవాలు నడుస్తున్నాయని అతను ఎంత మొత్తుకున్నా తెల్ల యజమానులు నమ్మరు. కానీ నిజం చెబుతున్నది అతనే. అంటే పిరికివాడి పాత్రలోనే తెలివైనవాణ్ని ఇరికించాడు. ఆ గొంతులో భయం కంటే విసుగు ఎక్కువ వినపడుతుంది. ఇచ్చిన కొద్దిపాటి జాగాలో ఇంత పని చేయగలిగినవాళ్లకు పెద్ద జాగా ఇచ్చి ఉంటే ఏం చేసేవాళ్లో అన్న బాధ ఈ సినిమాలు చూస్తున్నంతసేపూ వదలదు.

అలాంటి జాగా కొద్దిగా దొరికిన చోటు ఒకటుంది. 1929లో అల్ క్రిస్టీ నిర్మించిన రెండు రీళ్ల టాకీలు, ముఖ్యంగా ‘ది మెలాంకలీ డేమ్’. నటులందరూ నల్లవాళ్లే. న్యూయార్క్ లఫాయెట్ నాటక బృందంలో పేరు తెచ్చుకున్న ఎవలిన్ ప్రియర్, తర్వాత దర్శకుడైన స్పెన్సర్ విలియమ్స్ ఇందులో ఉన్నారు. కథలు రాసింది తెల్లజాతి రచయిత, డైలాగుల యాస కూడా అతి చేసి రాసిందే, ఆ లోపం దాచలేం. కానీ ఇక్కడ క్యాబరే యజమాని, ఈర్ష్యపడే భార్య, పాటగత్తె, పియానో వాయించేవాడు అందరూ నల్లవాళ్లే కావడంతో పరువు పోగొట్టుకునేంత పరువున్న పాత్రలు వాళ్లకూ దొరికాయి. గొప్పింటి ఇల్లాలిగా ప్రియర్ మెడ నిటారుగా పెట్టి నడిచే తీరు చూస్తే, అదే ఏడాది మిగతా హాలీవుడ్ నల్లజాతి నటీమణులకు ఇచ్చిన ఆప్రాన్ వేషాలకూ దీనికీ ఉన్న దూరం అర్థమవుతుంది.

హాల్ రోచ్ స్టూడియో మొదలుపెట్టిన ‘అవర్ గ్యాంగ్’ మీద వాదన ఇప్పటికీ తెగలేదు. 1922 నుంచి 1944 దాకా నడిచిన ఈ పిల్లల లఘుచిత్రాలు మొత్తం 220. ఎర్నీ మోరిసన్‌తో మొదలై, ఆలెన్ హాస్కిన్స్ వేసిన ఫరీనా, మాథ్యూ బియర్డ్ వేసిన స్టైమీ, బిల్లీ థామస్ వేసిన బక్‌వీట్ దాకా ప్రతి దశలోనూ గ్యాంగులో నల్లజాతి పిల్లలున్నారు. నల్లవాళ్లకు పుచ్చకాయంటే పిచ్చి అనే జోకులు, దెయ్యం జోకులు, చింపిరి జుట్టు జోకులు అన్నీ ఉన్నాయి. ఫరీనా మగపిల్లాడైనా పిలకలు వేసి ఆడో మగో తెలియకుండా ఉంచారు. బక్‌వీట్ మొదట ఆడపిల్ల పాత్ర, తర్వాత మగపిల్లాడైంది. తెల్లపిల్లల విషయంలో ఇంత అజాగ్రత్త ఎప్పుడూ కనపడదు.

అయితే 1930లో వచ్చిన ‘టీచర్స్ పెట్’లో మిస్ క్రాబ్‌ట్రీ క్లాసు చూడండి. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే గదిలో కూర్చుని ఒకే టీచర్ మీద మనసు పడతారు. అమెరికాలో బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. కథలో ఎవరూ దాన్ని విప్లవంలా చూపించలేదు, మామూలు విషయంలా తీసేశారు. ఆ మామూలుతనమే దాని బలం.

స్టైమీ ఇంకో అడుగు ముందుకేశాడు. 1931 నాటి ‘డాగ్స్ ఈజ్ డాగ్స్’లో ఆకలితో ఉన్న స్టైమీ, ఇంట్లో పెత్తనం చేసే తెల్లపిల్లాడి దగ్గరికి వెళ్లి, పంది మాంసమూ గుడ్లూ పెనం మీద మాట్లాడుకుంటాయని తొణక్కుండా చెబుతాడు. ఆ పొగరుబోతు పిల్లాడు అది వినాలన్న కుతూహలంతో స్వయంగా పొయ్యి వెలిగించి వండుతాడు. బౌలర్ టోపీ సర్దుకుంటూ, ఏ తొందరా లేకుండా, ఒక్కో మాటా విడదీసి పలికే ఆ ఆరేళ్ల గొంతు టాకీ లేకపోతే మనకు దొరికేది కాదు. ఇక్కడ గ్యాగ్ నడిపేది నల్లపిల్లాడు, మోసపోయేది తెల్లపిల్లాడు, చివరికి కడుపు నిండేది నల్లపిల్లాడికి. పైన చెప్పిన కొలత ప్రకారం చూస్తే ఈ చిన్న సన్నివేశం ఆ కాలపు ఎన్నో పెద్ద సినిమాలకంటే ముందుంది. 1933లో అదే గ్యాంగుతో, అడవి మనిషిని పిల్లలు తమ మామయ్య అనుకునే ‘ది కిడ్ ఫ్రమ్ బోర్నియో’ కూడా తీశారని మరచిపోకూడదు. ఒకే స్టూడియో, ఒకే పిల్లలు, రెండేళ్ల తేడా.

పిల్లల మధ్య సాధ్యమైంది పెద్దల మధ్య ఎందుకు కాలేదన్నదానికి ఒక సూటి కారణం మార్కెట్. అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో నల్లవాళ్లను బాల్కనీలో విడిగా కూర్చోబెట్టేవాళ్లు. అక్కడి సెన్సార్లకు కోపం వస్తే ప్రింటు వెనక్కి వచ్చేది. హాలీవుడ్ తనకు తాను పెట్టుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ, పెళ్లి చూపించనివ్వలేదు. పనివాడి పాత్ర ఈ ఏ ఇబ్బందీ తేదు, అందుకే స్టూడియోలు దాన్ని సురక్షితం అనుకున్నాయి. పిల్లల సమానత్వాన్ని కూడా అందరూ ఓర్వలేదు. 1947లో హాల్ రోచ్ పాత గ్యాంగు పద్ధతిలో ‘కర్లీ’ అనే పిల్లల సినిమా తీస్తే మెంఫిస్ సెన్సార్ అధికారి లాయిడ్ బిన్‌ఫర్డ్ దాన్ని నిషేధించాడు. బడిలో తెల్లపిల్లలతో నల్లపిల్లలు కలిసి కనపడటమే కారణం. పిల్లల మధ్యనైనా సరే దక్షిణాది సమానత్వాన్ని ఒప్పుకోదని రాతపూర్వకంగా చెప్పాడు. కోర్టుకెళ్లినా నిర్మాతలకు ఊరట దొరకలేదు.

ఆడవాళ్ల విషయానికొస్తే, థెల్మా టాడ్ ఒక్కరిని చూస్తే చాలు. ‘మంకీ బిజినెస్’ (1931), ‘హార్స్ ఫెదర్స్’ (1932) సినిమాల్లో ఆమె మార్క్స్ సోదరులు వెంటపడే అందగత్తె. గదిలో నలుగురు మగవాళ్లు అల్లరి చేస్తుంటే ఆమె దానికి నేపథ్యం. అవే సంవత్సరాల్లో హాల్ రోచ్ ఆమెను జాసూ పిట్స్‌తో జతచేసి, ఆడ లారెల్ హార్డీల్లా ఒక సిరీస్ నడిపాడు. పిట్స్ వెళ్లాక 1933 నుంచి పాట్సీ కెల్లీ వచ్చింది. ఈ లఘుచిత్రాల్లో టాడ్ ఉద్యోగం వెతుక్కుంటుంది, అద్దె కట్టలేక తంటాలు పడుతుంది, బురదలో పడుతుంది, తిడుతుంది, తిరిగి నెడుతుంది. అందంగా ఉంటే చాలదు, సమయానికి పడటం కూడా రావాలి. ఆమెకు వచ్చు. 1935 డిసెంబరులో ఆమె ఇరవై తొమ్మిదేళ్లకే చనిపోవడంతో ఆ సిరీస్ నిలదొక్కుకోలేదు. ఆ తర్వాత ఆర్‌కేవోలో లూపే వెలెజ్ ‘మెక్సికన్ స్పిట్‌ఫైర్’గా 1939 నుంచి ఎనిమిది సినిమాలు చేసింది. యాస మీద జోకులు మామూలే, కానీ కోపం వచ్చినప్పుడు ఆమె కురిపించే స్పానిష్‌కు ఎవరూ అనువాదం చెప్పరు, ఎదుటివాడు నోరెళ్లబెట్టి నిలబడాలి. మరి నల్లజాతి ఆడవాళ్లకో? 1935లో హాటీ మెక్‌డేనియల్ అవర్ గ్యాంగ్ ‘యానివర్సరీ ట్రబుల్’లో పనిమనిషి. 1940లో ఆస్కార్ గెలిచిందీ పనిమనిషి పాత్రకే, ఆ రాత్రి హోటల్ హాల్లో ఆమెను విడిగా ఒక చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

1942లో నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్ వచ్చి స్టూడియో పెద్దలతో మాట్లాడి, ఈ పనివాళ్ల, భయస్థుల పాత్రలు తగ్గించమన్నాడు. న్యాయమైన డిమాండు. కానీ కొత్త పాత్రలు రాకముందే పాతవి తగ్గడం మొదలైంది. నల్లజాతి నటుల్లో చాలామందికి అది తిండి సమస్య. మెక్‌డేనియల్ అందుకే వైట్‌ను బహిరంగంగా విమర్శించింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తప్పు చేసింది పాత్రలు రాసేవాళ్లు, ఉద్యోగాలు పోయింది వేసేవాళ్లకు.

టీవీలో వచ్చిన ప్రింట్లలోనూ ఇదే జరిగింది. 1970ల మొదట్లో ‘లిటిల్ రాస్కల్స్’ పేరుతో అవర్ గ్యాంగ్‌ను టీవీకి పంచిన సంస్థ జాతి జోకులు కత్తిరించింది. బోర్నియో చిత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. పసిపిల్లలు చూసే కార్యక్రమానికి ఆ జాగ్రత్త అవసరమే. కానీ కత్తెర పడిన ప్రతిచోటా స్టైమీ, ఫరీనా, బక్‌వీట్‌ల తెర సమయమే తగ్గింది, ఆ జోకు రాసి నవ్వినవాళ్ల పేర్లు టైటిల్స్‌లో చెక్కుచెదరలేదు. ఇప్పుడు బాగుచేసిన పూర్తి ప్రతులు డిస్కుల మీద దొరుకుతున్నాయి. వాటిని ముందు ఒక వివరణతో, కోతల్లేకుండా, నటుల పేర్లతో చూపించడం మేలు. డడ్లీ డికర్సన్ వంటగది దృశ్యాల్ని కొలంబియా సంస్థ 1949లో ‘వాగబాండ్ లోఫర్స్’లో, 1956లో ‘స్కీమింగ్ స్కీమర్స్’లో మళ్లీ వాడుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పాత ఫుటేజీలోంచి ఏది పనికొస్తుందని వెతికిన ప్రతిసారీ వాళ్ల చేయి ఆగింది అతని దగ్గరే. అతను నటించిన చాలా చిత్రాల టైటిల్స్‌లో మాత్రం అతని పేరు లేదు.